అమ్మవారి పీట మీద ఫుట్‌బాల్ బూట్లు

మహర్నవమి, బుధవారం, పగలు ఒంటిగంటా నలభై నిమిషాలు. మా ఇంట్లో ఆయుధపూజ ముగిసింది. భోజనాలయ్యాయి. విస్తళ్ళు తీసి, నేలంతా తుడిచి, కాసేపు నడుం వాలుద్దామని నేను పూజగది గడప దగ్గర చాప పరుచుకున్నాను. అప్పుడు మా అమ్మాయి సెల్‌ఫోన్ మోగింది. మరుసటి రోజు పొద్దున ఏడు గంటలకు నేను కర్నూలులో ఒక ఆటస్థలం పక్కన ఒళ్ళో టేకు పీట పెట్టుకుని, దాని మీద అమ్మవారి పటంతో, మా అంగడి తక్కెడతో కూర్చుని ఉండడానికి కారణం ఆ ఫోను. అసలు కారణం నేనే. ఫోను రాకపోయి ఉంటే నేను చేసిన పని ఇంట్లోనే ఉండిపోయేది, అంతే తేడా.

మా శుక్రవారం పారాయణం వాళ్ళు కాఫీ గ్లాసు చేతికి రాగానే "ఆ బూట్ల సంగతి ఇంకోసారి చెప్పు వదినా" అంటారు. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు దానికి కొంత కలుపుతున్నారు. మొన్న ఒకామె చెప్పుకుంటూ పోయిన దాంట్లో అమ్మవారే బూట్లు తొడుక్కుని ఆడింది. అందుకని జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. మా ఇంట్లో ఎవరు ఏ నక్షత్రంలో పుట్టారు, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగి అన్నం తినకుండా పోయారు, ఏ పటం ఏ తిరునాళ్ళలో కొన్నది, అన్నీ నన్నే అడుగుతారు. ఇది కూడా నన్ను అడిగితేనే సరిగ్గా ఉంటుంది.

ముందు మా అమ్మాయి సంగతి చెప్పాలి. పేరు శైలజ. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు, శ్రీశైలం పోయి మొక్కుకున్నాక పుట్టింది. కడపలో మాది కిరాణా అంగడి. ముందర అంగడి, వెనక ఇల్లు. ఇంట్లో మా ఆయన, మా అత్త, నేను, అది. నలుగురమే.

అంగట్లో పండగలకు ముందు టెంకాయలు కుప్పగా పోస్తాం. శైలజ ఆరేళ్ళప్పటి నుంచే పీచు తీసిన టెంకాయ ఒకటి ఎంచుకుని, దాన్ని కాలితో ఈ మూల నుంచి ఆ మూలకు తోసుకుంటూ పోయేది. కింద కడప బండలు, నున్నగా, గట్టిగా ఉంటాయి. బియ్యం మూటల మధ్య నుంచి, నూనె డబ్బాల పక్కన నుంచి, కొనడానికి వచ్చిన వాళ్ళ కాళ్ళ సందుల్లో నుంచి ఆ టెంకాయ పోయేది, దాని వెనక ఇది పోయేది. ఎవరికీ తగిలేది కాదు. కానీ అది దేవుడికి పోయే టెంకాయ. నేను చెంపలు వేసుకుని, దాని చేత కూడా వేయించేదాన్ని. అది బుద్ధిగా చెంపలు వేసుకుంటూనే కాలితో ఇంకో టెంకాయను దగ్గరికి లాక్కునేది.

హైస్కూల్లో డ్రిల్లు సారు ఒకరోజు అంగడికి వచ్చారు. ఉప్పు కొనడానికి అనుకున్నాం.

"శెట్టిగారూ, మీ పాప కాళ్ళను ఊరికే పోనియ్యొద్దండి" అన్నారు.

"కాళ్ళతో ఏం జేస్తాది సారూ? అంగట్లో కూర్చునేదానికి చేతులు గదా కావాల్సింది" అన్నారు మా ఆయన.

ఆ సారు ఉప్పు కొనకుండా గంటసేపు కూర్చున్నారు. ఆ తర్వాత అది జిల్లా తరఫున ఆడింది, రాష్ట్రం తరఫున ఆడింది. పందొమ్మిదో ఏట బొంబాయిలో ఒక క్లబ్బు వాళ్ళు నెల జీతం మీద తీసుకుంటామని కాగితం పంపారు. ఆ కాగితం మా ఆయన అంగట్లో అందరికీ చూపించారు. ఎదురింటి పెద్దాయన మాత్రం నమ్మలేదు.

"బంతి తన్నేదానికి జీతమా? ఆడపిల్లకా? సరిగ్గా చదివించుకున్నారా?" అన్నాడు.

మా అత్త అప్పుడు గుమ్మంలో పోకచెక్క కత్తిరిస్తోంది. ఎనభై ఏళ్ళ మనిషి, గట్టిగా మాట్లాడదు. "మీ మనవళ్ళు వీధిలో డబ్బాలు ఊరికే తంతాండారు గదప్పా. మా పిల్ల జీతానికి తంతాది. అంతే" అంది.

క్లబ్బు వాళ్ళు దానికి బూట్లు ఇచ్చారు. తోలువి. బొంబాయి వానలకు, గడ్డికి జారకుండా అడుగున మేకుల్లాంటివి ఉంటాయి. ఒక్కో బూటుకు ఆరు, మరలతో బిగించినవి. శైలజ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ బూట్లను వీధి అరుగు మీద బుట్ట కింద పెట్టించేదాన్ని. తోలు గడప దాటకూడదని మా ఇంట్లో నియమం. అది ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. వచ్చేది, బూట్లు బుట్ట కింద పెట్టేది, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేది. మా ఇంట్లోకి మొదటి సెల్‌ఫోన్ కూడా అదే తెచ్చింది. దాన్ని మాత్రం పూజగది దాకా రానిచ్చాం.

రెండో ఏడు వేసవిలో మోకాలికి దెబ్బ తగిలింది. ఇంటికి పంపేశారు. ఐదు నెలలు ఇంట్లోనే ఉంది. మొదటి రెండు నెలలు గోడ పట్టుకుని నడిచింది. మూడో నెలలో మేడ మెట్లెక్కింది. ఆ తర్వాత తెల్లవారుజామునే లేచి కాన్వాస్ బూట్లతో గ్రౌండ్‌కు పోయి పరుగెత్తేది. క్లబ్బు వాళ్ళ కాగితం ఆ దసరా నెలాఖరుకు అయిపోతుంది. వాళ్ళ కోచ్ మేడమ్ ఫోన్‌లో చెప్పిన మాట ఒకటే. మా టీమ్ దసరాకు కర్నూలు వస్తోంది, మీ రాష్ట్రం పిల్లలతో ఒక ఆట ఉంది, అందులో నువ్వు మా వైపు ఆడు, నీ మోకాలు నా కళ్ళతో చూస్తాను, నిలబడితే కొత్త కాగితం, లేకపోతే లేదు. ఆ ఆట ఏకాదశి నాడు, శుక్రవారం సాయంత్రం.

శైలజ ఆ సంగతి మాతో ఒక్కసారే చెప్పింది. మళ్ళీ ఎత్తలేదు. కానీ కూర్చున్న చోటల్లా అరచేయి మోకాలి మీద పెట్టుకుని ఉండేది.

ఇక మహర్నవమి. ఆ రోజు ఎవరు దేనితో బతుకుతారో దాన్ని అమ్మవారి ముందు పెట్టి పూజ చేయడం మా ఇళ్ళల్లో ఆచారం. మా పుట్టింటి వాళ్ళిచ్చిన టేకు పీట ఒకటుంది. దాని మీద అమ్మవారి పటం, పటం ముందర మా ఆయన తక్కెడ, తూకపు రాళ్ళు, మా అత్త అడకత్తెర, నా కుట్టుపని కత్తెర పెడతాం. ఒకసారి పీట మీద పెట్టి పూజ చేశాక, దశమి వచ్చి ఉద్వాసన చెప్పేదాకా ఏదీ ముట్టుకోకూడదు. అడకత్తెర లేక ఆ ఒక్కరోజు మా అత్త పోకచెక్క నోట్లో వేసుకుని నానబెట్టుకుంటుంది. అంత గట్టి నియమం అన్నమాట.

పొద్దున అరుగు ఊడుస్తుంటే బుట్ట కనపడింది. ఎత్తి చూశాను. బొంబాయి మట్టి ఐదు నెలలుగా అట్లాగే ఎండిపోయి ఉంది. చీపురు పక్కన పెట్టి కూర్చున్నాను. ఈ ఇంట్లో అందరికంటే దూరం పోయి బతికేది ఈ బూట్లతో. తక్కెడకు బొట్టు పెడుతున్నాం, అడకత్తెరకు పెడుతున్నాం. వీటిని ఇన్నాళ్ళుగా బుట్ట కింద పెట్టించింది నేను. మోకాలికి దెబ్బ తగిలింది అందుకేనని అనను. కానీ ఆ ఆలోచన వచ్చింది, దాచడం ఎందుకు.

ఎవరికీ చెప్పలేదు. శైలజ గ్రౌండ్‌కు పోయి ఉంది. బూట్లు పెరట్లోకి తీసుకుపోయి కుంకుడుకాయ రసంతో రుద్దాను. పైన వచ్చింది గానీ మేకుల మధ్య మట్టి రాలేదు. పట్టకారుతో ఒక మేకు తిప్పి చూస్తే ఊడి వచ్చింది. సరే అని పన్నెండూ ఊడదీసి, కడిగి, బట్టతో తుడిచాను. మళ్ళీ బిగించేవే. కానీ పీట గుర్తొచ్చింది. మా అమ్మ ఇచ్చిన పీట, ముప్పై ఏళ్ళుగా ఒక్క గీత లేదు. మేకులతో పెడితే గీతలు పడవా? పూజ అయ్యాక బిగిద్దాంలే అనుకున్నాను. తోలుకు అంటుకుని ఉన్నవి గదా, పసుపులో ఉంటే శుద్ధి అవుతాయని పసుపు డబ్బాలో వేసి మూత పెట్టాను. ఆ తర్వాత బొబ్బట్ల పిండి కలపడానికి పోయాను. ఇంక ఆ మేకులు నాకు గుర్తుకు రాలేదు.

పూజకు కూర్చునే ముందు మా ఆయన పీట వైపు చూసి ఆగారు.

"ఇదేంది?"

"ఆయుధం" అన్నాను.

"నా తక్కెడ పక్కనా?"

"ఇంకేడ పెట్టమంటారు?"

ఆయన మా అత్త వైపు చూశారు, ఆమె ఏదైనా అంటుందని. ఆమె రెండు చామంతి పూలు తెచ్చి ఒక్కో బూటు మీద ఒకటి పెట్టింది. నేను పసుపు రాసి, బొట్టు పెట్టి, లేసుల కింద నుంచి దారం చుట్టాను.

శైలజ వచ్చేసరికి హారతి అయిపోయింది. పూజగది గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"అమ్మా, లోపలికి తెచ్చినావా?"

"ఊ."

"గడప దాటించి?"

"ఊ."

అది మొహం కడుక్కుంటానని పెరట్లోకి పోయింది. ఆ రోజు మొహం కడుక్కోవడానికి దానికి పది నిమిషాలు పట్టింది. ఆట శుక్రవారం, ఉద్వాసన గురువారం. దాంతో ఎవరికీ ఏ దిగులూ లేకుండా బొబ్బట్లు తిన్నాం.

అప్పుడు ఆ ఫోను.

శైలజ విన్నది, "యస్ మేడమ్" అంది, పెట్టేసింది. "వాళ్ళ రైలు టికెట్లు మారినాయంట. ఆట శుక్రవారం కాదు. రేపు పొద్దున ఏడుకంట" అంది.

నలుగురం ఒకేసారి పూజగది వైపు చూశాం.

మా ఆయన అంగడి ఫోనులో అయ్యగారిని అడిగారు. దశమి రేపు తొమ్మిదిన్నరకు వస్తుంది, ఆ తర్వాతే ఉద్వాసన అన్నారాయన.

"పాపకు ఏడుకు ఆట ఉండాది స్వామీ."

"ఆటను బట్టి తిథి నడుస్తాదా అప్పా?" అని ఆయన పెట్టేశారు. ఆయన తప్పేమీ లేదు.

కొత్తవి కొందామంటే పండగ, అంగళ్ళన్నీ మూసి ఉన్నాయి. తెరిచి ఉన్నా కడపలో దాని కాలి కొలతకు ఫుట్‌బాల్ బూట్లు దొరకవు. కాన్వాస్ బూట్లతో ఆడనివ్వరా అంటే, క్లబ్బు ఇచ్చిన బూట్లు వేసుకోకుండా లోపలికి రానివ్వరంట.

"పోనీలేమ్మా. రేపు కాకపోతే ఇంకో రోజు" అంది శైలజ. ఇంకో రోజు లేదని దానికీ తెలుసు, నాకూ తెలుసు. అరచేయి మోకాలి మీదే ఉంది.

"తీసేద్దాం. అమ్మవారికి చెప్పుకుంటే సరిపోతాది" అన్నారు మా ఆయన.

"ముట్టుకోవద్దు" అన్నాను. నా నోటి నుంచే వచ్చింది ఆ మాట. పెట్టింది నేను, తీయనివ్వనిదీ నేను. ఆ నిమిషంలో నా అంత పనికిమాలిన మనిషి ఇంకొకరు లేరు.

మా అత్త నోట్లో పోకచెక్క ఇంకా నానుతోంది. దాన్ని ఒక బుగ్గలోకి తోసి, "పీట మీద నుంచి గదా తియ్యగూడదు" అంది.

"ఊ."

"అయితే పీటను తీసుకపోండి."

మా అత్త పోకచెక్కను రెండో బుగ్గలోకి మార్చుకుంది.

"పీట కదలగూడదని నాకు ఎవరూ చెప్పలే. ఊరేగింపులో అమ్మవారు ఊరంతా తిరగదా? ఇదీ అట్లే అనుకో. కర్నూలు దాకా ఊరేగింపు."

మా ఆయనకు అప్పుడు వెలిగింది. "నా తక్కెడ?"

"అది పీట మీదే ఉండాది గదరా."

"రేపు విజయదశమమ్మా. అంగడి తెరవాల. మొదటి బేరం."

"చేత్తో తూచు" అంది మా అత్త.

దీపం మాత్రం బస్సులో వద్దని ఆమె ఇంట్లోనే ఉంచుకుంది. పటం, తక్కెడ, రాళ్ళు, అడకత్తెర, కత్తెర, బూట్లు ఏవీ జరగకుండా పాత పట్టుచీర ఒకటి చుట్టూ కట్టి, ఉన్నది ఉన్నట్టు పీటను ఎత్తాం. ఆటోలో బస్టాండుకు. మూడు గంటల కర్నూలు బస్సు. ముగ్గురు కూర్చునే సీట్లో శైలజ, నేను. పీట ఇద్దరి ఒళ్ళో. కిలో రాయి శైలజ మోకాలి వైపు రాకుండా పీటను నా వైపు తిప్పుకున్నాను. మైదుకూరు దాటేసరికి నా కాళ్ళు నావి కావు.

కండక్టరు వచ్చి చీర కొంగు కాస్త తొలగించి చూశాడు. వెంటనే టోపీ తీశాడు.

"అమ్మవారికి టికెట్ వద్దులేమ్మా" అన్నాడు. ఇంకొంచెం వంగి చూశాడు. "ఆ తక్కెడకు మాత్రం లగేజీ కొట్టాల."

అతను చూశాక అందరూ చూశారు. పండగ రోజు, బస్సులో అమ్మవారు. ముందు సీటామె తలలో పూలు తీసి పీట మీద పెట్టింది. ఎవరో నిమ్మకాయ ఇచ్చారు. ఆళ్ళగడ్డలో ఒక అవ్వ ఎక్కింది. పీట ముందర నిలబడి, బూట్లకు చేతులు ఆనించి కళ్ళకు అద్దుకుంది.

"ఏ అమ్మవారి పాదుకలమ్మా ఇవి? ఇట్లాటివి యాడా చూళ్ళేదు" అంది.

నేను అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. శైలజ కిటికీ వైపు తిరిగింది, నవ్వుకు భుజాలు కదులుతున్నాయి. ఆ అవ్వ తన పక్కన మనిషికి చెప్పింది, ఆ మనిషి వెనక సీటుకు చెప్పాడు. నంద్యాల వచ్చేసరికి బూట్లు పూలల్లో మునిగిపోయాయి. ఒకతను పిల్లవాడిని ఎత్తుకుని వచ్చి వాడి తల బూటుకు ఆనించబోయాడు. ఇంక నా మనసు ఒప్పుకోలేదు.

"అవి మా పాప బంతి ఆడే బూట్లు నాయనా" అన్నాను మెల్లగా.

పిల్లవాడి తండ్రి పిల్లవాడిని సరిగ్గా ఎత్తుకుని వెనక్కి పోయాడు. ఆళ్ళగడ్డ అవ్వ మాత్రం అట్లాగే నిలబడి శైలజను కింద నుంచి పైదాకా చూసింది.

"ఈ పిల్లేనా ఆడేది?"

"ఊ."

"యాడ ఆడతాది?"

"బొంబాయిలో."

"మా మనవరాలు కూడా ఊరికే ఉండదు. శానా గోడలెక్కుతాది" అని, కిందికి జారిన పువ్వు ఒకటి తీసి మళ్ళీ బూటు మీదే పెట్టింది.

కర్నూలులో మా చిన్నాన్న కొడుకు ఇంట్లో దిగాం. వాళ్ళ హాల్లో పీట దించాక గానీ నా కాళ్ళు కదలలేదు. పొద్దున ఆరున్నరకు మళ్ళీ ఎత్తుకుని గ్రౌండ్‌కు పోయాం.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. గ్రౌండ్‌లో ఒక్క గడ్డిపోచ లేదు. నేల కాల్చిన కుండ పెంకులా ఉంది. బొంబాయి పిల్లలు వచ్చి కాలితో తట్టి చూసి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కోచ్ మేడమ్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చేతిలో అట్ట పట్టుకుని అటు చివర నిలబడి ఉంది.

ఏడుకు పది నిమిషాలు. శైలజ మేజోళ్ళతో వచ్చి నా ముందర నిలబడింది. దశమికి ఇంకా రెండున్నర గంటలు. పీటైతే ఇంత దూరం తెచ్చాను గానీ, పీట మీద నుంచి దాని కాళ్ళకు ఎట్లా తేవాలో మా అత్త కూడా చెప్పలేదు.

అది వంగి మేజోళ్ళు పైకి లాక్కుంది.

పటం వైపు చూశాను. "అమ్మా, పెట్టింది నేను. తీస్తాండేది నేను. తప్పు నాది, పిల్లది కాదు" అని, అక్షింతలు వేసి, పటాన్ని ఈశాన్యానికి కొంచెం జరిపి, ఉద్వాసన చెప్పేశాను. పెళ్ళైన నాటి నుంచి ఒక్క తిథి తప్పని దాన్ని. పూలు తీసి, దారం విప్పి, బూట్లు ఎత్తి దాని చేతికి ఇచ్చాను.

అది తొడుక్కోబోతూ తిరగేసి చూసింది. రెండోది కూడా తిరగేసి చూసింది.

"అమ్మా, మేకులు యాడ?"

"పసుపు డబ్బాలో" అన్నాను.

"పసుపు డబ్బా యాడ?"

"కడపలో."

అది నన్ను చూసింది. నేను అమ్మవారిని చూశాను. ఆమె ఎవరినీ చూడలేదు. అటువైపు విజిల్ వేశారు. శైలజ కింద కూర్చుని, మేకులు లేని ఆ నున్నటి బూట్లు తొడుక్కుని, లేసులు కట్టుకుని లోపలికి పోయింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆట మొదలైంది. నేను పీట పట్టుకుని కూర్చున్నాను. నాకు ఆట తెలియదు, మోకాలు మాత్రం చూస్తున్నాను. కాసేపటికి చప్పుడు వినపడింది. అందరి బూట్ల మేకులూ ఆ నేల మీద టకటకలాడుతున్నాయి. కొత్తగా లాడాలు కొట్టిన ఎద్దులు బండల మీద నడిచినట్టుంది. బొంబాయి పిల్లలు పరుగెత్తి ఆగబోతే జారుతున్నారు, తిరగబోతే జారుతున్నారు. మన రాష్ట్రం పిల్లలూ అంతే. ఒక పిల్ల బంతిని తన్నబోయి కూర్చుండిపోయింది.

శైలజ కాళ్ళ కింద మాత్రం చప్పుడు లేదు. బంతి దాని కాలికి అంటుకుని ఉన్నట్టు పోతోంది. ఆ నడక నాకు తెలుసు. బియ్యం మూటల మధ్య నుంచి, నూనె డబ్బాల పక్క నుంచి, వచ్చిన వాళ్ళ కాళ్ళ సందుల్లో నుంచి. కింద కడప బండలు. ఎవరికీ తగలకుండా. నా చేయి దానంతటది చెంప మీదికి పోయింది.

ఒకసారి వల లోపలికి కొట్టింది. ఇంకోసారి వేరే పిల్లకు అందిస్తే ఆమె కొట్టింది. ఆట అయిపోయేదాకా మోకాలు నిలబడింది.

అయ్యాక కోచ్ మేడమ్ శైలజతో కలిసి మా దగ్గరికి వచ్చింది. బూటు చూపించమని, తిరగేసి చూసి, హిందీలో ఏదో అడిగింది. మా వీధిలో సాయిబుల ఇళ్ళు ఉన్నాయి గనుక నాకు కొంత అర్థమవుతుంది. ఇట్లాంటి నేలకు మేకులు పనికిరావని నేను నెత్తి కొట్టుకుని చెప్పినా ఒక్కరూ వినలేదు, నువ్వొక్కదానివే తీసేసుకుని వచ్చావు, ఎవరు చెప్పారు అని.

"మా అమ్మ తీసింది మేడమ్" అంది శైలజ.

ఆమె కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది, నా ఒళ్ళో పీటను చూసింది, పీట మీద తక్కెడను చూసింది. మీరు కూడా ఆడేవాళ్ళా అని అడిగింది.

ఆ పొద్దుటికి ఒక తప్పు చేసి ఉన్నాను, ఇంకోటి చేయలేను. "నాకేమీ తెలీదమ్మా. పీట మీద గీతలు పడతాయని తీసినా" అన్నాను. శైలజ దాన్ని హిందీలో చెప్పింది. చాలా పొడుగ్గా చెప్పింది. నేను చెప్పింది అంత లేదు. ఆమె మాత్రం గంభీరంగా తల ఊపి, అట్ట మీద ఏదో రాసుకుని, నాకు నమస్కారం పెట్టి పోయింది. శైలజ ఏం చెప్పిందో ఇప్పటికీ నాకు చెప్పలేదు.

కాగితం మీద సంతకం అక్కడే అయింది. "ఈ రాత్రే కడపలో బండెక్కి బొంబాయికి రమ్మంటాండారు. మేకులు మాత్రం కావాలమ్మా, ఆడ ఇంకా వానలంట" అంది శైలజ.

గడియారం చూస్తే పదిన్నర. దాని సెల్‌ఫోన్‌తో అంగడికి చేశాను. మా ఆయన ఎత్తారు. మోకాలు నిలబడిందని చెప్పాను.

"అంగడి తెరిచినారా?" అన్నాను.

"తెరిచినా. తక్కెడ లేదు గదా, బెల్లం చేత్తో ఇస్తాండా. ఈ పొద్దు ఊర్లో అందరికీ బెల్లమే కావాల్సొచ్చింది. వీధి చివరి దాకా నిలబడి ఉండారు."

"అత్తకు ఇవ్వండి."

మా అత్త ఫోను దగ్గరికి రావడానికి కొంత సమయం పట్టింది.

"అత్తా, పసుపు డబ్బాలో పన్నెండు మేకుల్లాంటివి ఉండాయి. వాటిని తీసి ఒక గుడ్డలో కట్టి పెట్టండి."

"డబ్బాలో యాడుండాయి? పీట మీద ఉండాయి" అంది.

"ఏ పీట?"

"ఇంకో పీట. దీపం ఒక్కదాన్నే ముందర పెట్టుకుని ఎంతసేపని కూర్చునేది? పొద్దున గడపకు పసుపు రాద్దామని డబ్బా తీస్తే పన్నెండు కనపడినాయి. పసుపులో అంత భద్రంగా దాచినావు, శ్రీశైలం నుంచి తెచ్చినవేమో అనుకున్నా. దశమి రానిచ్చి, చిన్న పీట వేసి, తమలపాకుల మీద పన్నెండూ పెట్టి, బొట్లు పెట్టినా. మీ ఆయనతో టెంకాయ కొట్టించినా. పక్కింటోళ్ళు ముగ్గురు వచ్చి హారతి తీసుకుని పోయినారు."

నాకు నవ్వాలో చెంపలు వేసుకోవాలో తెలియలేదు. "అత్తా, అవి శైలజ బూట్ల మేకులు" అన్నాను.

అవతల పోకచెక్క కొరికిన చప్పుడు వినపడింది.

"ఏవైతేనేం. పూజ అయిపోయింది. ఇంక రేపు పొద్దున దాకా ముట్టేది లేదు."

"ఈ రాత్రికే దానికి బొంబాయి బండి ఉండాది అత్తా."

ఆమె కాసేపు ఆలోచించింది.

"ఈ పీట తేలికదేలే" అంది.